ఖాళీ సీట్లో సంధ్య

నేను దయ్యాలను నమ్మను. ఇదంతా జరిగాక కూడా నమ్మను. చనిపోయిన మనిషి ముక్కుల్లో దూది పెట్టి, కాలి బొటనవేళ్లు కలిపి కట్టి, బయట కూర్చున్నవాళ్లకు కబురు చెప్పడం నేర్పే చదువు నాది. బీఎస్సీ నర్సింగ్. మా హాస్టల్ మెట్ల పక్కనే మార్చురీ ఉండేది. రూంలో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, "రేపు పరీక్ష ఉన్నది, దానికంటే పెద్ద దయ్యమేం రాదు, పండుకోండ్రి" అని లైటు ఆర్పేసేదాన్ని.

కాబట్టి దీన్ని చదివి నాకు తాయెత్తు కట్టమని సలహా ఇవ్వకండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎవరికైనా అర్థమైతే నాకు చెప్పండి, అంతే.

మాది కొల్లాపూర్ దగ్గర పల్లె. ఎండాకాలం కృష్ణ వెనక్కి జరిగితే మా గొర్రెలు ఆ ఒండ్రు మట్టిలో మొలిచిన గడ్డి మేస్తాయి. నాయిన పేరు బాలయ్య. గొర్రెలు తప్ప వేరే పని తెలియదు, చదువు రాదు. తమ్ముడు మల్లేశ్ మేళ్లచెరువులో సిమెంట్ ఫ్యాక్టరీకి పనికి పోతాడు. ఇంట్లో మిగిలేది అమ్మ. అమ్మకు షుగర్. అది కూడా మామూలు షుగర్ కాదు, పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది. సూది ఎలా వేసుకోవాలో బత్తాయి పండు మీద గుచ్చి నేనే నేర్పాను.

తీపి విషయంలో నేను ఎంత కఠినంగా ఉండేదాన్నంటే, మా ఇంట్లో చక్కెర డబ్బానే లేకుండా చేశాను. నాయిన కూడా చప్పటి చాయే తాగేవాడు. "ఒక్క పలుకు అమ్మ నోట్ల పడ్డా ఊకోను" అని పండగనాడు కూడా గదమాయించేదాన్ని. నాయినకు నా మాట వేదవాక్కు. నర్సు చెప్పింది కదా మరి.

ఆ నర్సు సంగతి చెబుతాను. చదువైపోయాక మహబూబ్‌నగర్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. పగలు డ్యూటీ, రాత్రి డ్యూటీ, రాని మనిషి డ్యూటీ కూడా నాదే. నెలాఖరుకు చేతికొచ్చింది హాస్టల్‌కే చాలేది కాదు, అమ్మ మందులు ఎక్కడినుంచి తేవాలి? అప్పుడే నాతో చదివిన పిల్ల చెప్పింది, కాల్ సెంటర్‌లో నర్సింగ్ చదివినవాళ్లను తీసుకుంటున్నారని. కూర్చుని చేసే పని, ఏసీ, టైముకు జీతం. ఏడ్చుకుంటూనే చేరాను. తెల్లకోటు మడిచి ట్రంకు పెట్టెలో అడుగున పెట్టాను.

బస్టాండ్‌కు దగ్గరలో ఒక కాంప్లెక్స్ పై అంతస్తు అది. ఏదో పెద్ద ఆసుపత్రుల కంపెనీకి రోగుల సహాయ కేంద్రం. ఊళ్లనుంచి ఫోన్లు వచ్చేవి. ఆపరేషన్ అయి ఇంటికి పోయినవాళ్లు, మందులు వాడుతున్నవాళ్లు, వాళ్ల కొడుకులు, కోడళ్లు. వాళ్లు చెప్పేది అర్థం కావాలని నర్సింగ్ పిల్లలను పెట్టుకున్నారు. అర్థం కావాలి కానీ ఏమీ చెప్పకూడదు. వైద్య సలహా ఇస్తే ఉద్యోగం పోతుంది. కంప్యూటర్ తెర మీద ఉన్న వాక్యాలే చదవాలి. "మీ ఇబ్బంది నాకు అర్థమైంది సార్. మీకు ఏ రోజు వీలవుతుంది?" మరీ ముదిరితే "108కి ఫోన్ చేయండి" అనే ఒక్క వాక్యం ఉండేది. అవతల మనిషి ఎడమచెయ్యి గుంజుతోందని మూలుగుతుంటే, ఇవతల మేము ఏ డాక్టర్ ఏ రోజు ఉంటాడో చదివేవాళ్లం. నోట్లో నాలుక ఉండి మూగవాళ్లం.

అందుకే అక్కడ ఎవరూ నిలిచేవారు కాదు. పొద్దున చేరిన పిల్ల మధ్యాహ్నం అన్నానికని పోయి తిరిగి రాదు. మెడలో వేసుకునే కార్డు టేబుల్ మీద వదిలేసి పోయేవారు, ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. కొందరు దుబాయి, కొందరు పెళ్లి, కొందరు చీరల షాపు. నేను చేరినప్పుడు నా వరుసలో ఉన్నవాళ్లు నాలుగు నెలలకు ఒక్కరూ లేరు.

ఈ పోవడాలు భరించలేక కంపెనీవాళ్లు ఒక పద్ధతి పెట్టారు. పేరు మనిషికి కాదు, సీటుకు. నేను కూర్చునే సీటు పేరు దివ్య. నేను ఫోన్ ఎత్తితే "నమస్కారం, దివ్యను మాట్లాడుతున్నాను" అనాలి. నేను పోతే వచ్చే పిల్ల కూడా దివ్యే. కొత్త పిల్లకు కంప్యూటర్‌లో సొంత లాగిన్ కూడా చేయరు, పాతదాని మీదే కూర్చోబెడతారు. ఊళ్లలోవాళ్లకు కూడా అదే అలవాటు. "దివ్య మేడం, పోయినేడు గూడ నువ్వే మాట్లాడినవ్ గద" అనేవారు. పోయినేడు నేను ఆసుపత్రిలో బెడ్‌పాన్లు మారుస్తున్నాను.

గోడ మీద పెద్ద టీవీ ఉండేది. అందులో సీట్ల పేర్లు, పక్కన రంగు. ఖాళీగా ఉంటే పచ్చ, కాల్‌లో ఉంటే ఎరుపు, మనిషి లేకుంటే బూడిద రంగు.

నా పక్క సీటు పేరు సంధ్య. అందులో మమత అనే పిల్ల ఉండేది. చిట్యాల దగ్గరి పిల్ల, అది కూడా నర్సింగే. మాట తక్కువ. కాల్ అయిపోగానే అరచేత్తో నోరు గట్టిగా తుడుచుకునేది. ఒకరోజు అందరిలాగే చెప్పకుండా పోయింది. ఆ సీట్లోకి కొత్తవాళ్లు దొరకలేదు. కుర్చీ ఖాళీగా ఉండేది, దాని మీద మా చున్నీలు, టిఫిన్ డబ్బాలు పెట్టుకునేవాళ్లం.

ఆ తర్వాతే నాకు వింత కాల్స్ మొదలయ్యాయి. "సంధ్య మేడంకు జర చెప్పు తల్లీ, ఆమె చెప్పినట్టే చేసినం, పిలగానికి నెత్తురు ఆగింది" అని ఒకామె. "సంధ్యమ్మ లేకుంటే నా పెండ్లాం దక్కకపోవు" అని ఒక ముసలాయన. మమత నిబంధన దాటి ఎవరికో ఏదో చెప్పి ఉంటుందిలే, మంచిపనే చేసింది అనుకున్నాను. "చెబుతాను సార్" అని పెట్టేసేదాన్ని.

మధ్యాహ్నం పూట అప్పుడప్పుడు టీవీలో సంధ్య పేరు పక్కన ఎరుపు వెలిగేది. కుర్చీలో మా డబ్బాలు. మా టీం లీడర్ ప్రవీణ్ సార్‌కు చూపించాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"మమత లాగౌట్ గాకుండ పోయింది. సిస్టం హ్యాంగయితాంది. ఐటీవోళ్లకు చెప్పిన" అన్నాడు.

సరే, యంత్రం కదా, యంత్రానికి పిచ్చి లేస్తే మనమేం చేస్తాం. నేనూ పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. పనిచేసే చోటికి ఫోన్లు తీసుకుపోనిచ్చేవారు కాదు, లాకర్‌లో పెట్టి పోవాలి. అమ్మకు ఏమన్నా అయితే ఎలా అని నాకు అదే దిగులు. నాయినది బటన్ల ఫోన్. అందులో రెండు నంబర్ నొక్కి పట్టుకుంటే నాకు వచ్చేలా, మూడు నొక్కి పట్టుకుంటే మా సహాయ కేంద్రానికి వచ్చేలా పెట్టాను. "నేను ఎత్తకుంటే మూడు నొక్కు. ఎవరెత్తినా 'మా బిడ్డ రేణుక' అని అడుగు, నాకు చెప్తరు" అని చెప్పాను. అది ఎవరికి పోతుందో మా చేతిలో లేదు, ఖాళీగా ఉన్న సీటుకు పోతుంది. అంతకంటే దారి లేదు నాకు.

వానలు మొదలైన రోజులు. ఆ మధ్యాహ్నం సంధ్య పేరు మళ్లీ ఎర్రబడింది. చాలాసేపు అలాగే ఉంది. పక్క కుర్చీలో నా గొడుగు ఆరబెట్టుకున్నాను. దాని కొసనుంచి నీళ్లు కారుతున్నాయి. నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ నీళ్లు వైర్ల మీద పడతాయని లేచి గొడుగు జరిపాను.

సాయంత్రం లాకర్‌లోంచి ఫోన్ తీస్తే నాయినవి ఎన్ని మిస్డ్ కాల్సో. మెట్ల మీదే నిలబడి ఫోన్ చేశాను.

"అమ్మ మంచిగున్నది బిడ్డా. ఫికర్ జెయ్యకు. నువ్వు చెప్పినట్టే చక్కెర వెట్టిన, లేసి కూసున్నది. జొన్నరొట్టె గూడ తిన్నది" అన్నాడు నాయిన.

"నేనేం చెప్పిన నాయినా?"

"గదేంది బిడ్డా. పగటీలి ఫోన్ చేస్తె నువ్వే ఎత్తితివి గద."

ఏం జరిగిందో తర్వాత మెల్లగా అడిగి తెలుసుకున్నాను. అమ్మ పొద్దున సూది వేసుకుని, వాన జల్లుకు కట్టెలు తడుస్తాయని వాటి వెంట పడి అన్నం మరిచింది. షుగర్ పడిపోయింది. చెమటలు, వణుకు, మాట ముద్దగా అయింది, ఆ తర్వాత పిలిస్తే పలకలేదు. నాకు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. నాయిన మూడు నొక్కాడు.

చూడండి, అక్కడ నేను ఉంటే తప్ప అమ్మ బతికేది కాదు. షుగర్ ఉన్న మనిషికి చక్కెర పెట్టాలని మా ఊళ్లో ఎవరికి తోస్తుంది? అందులోనూ మా ఇంట్లో. చక్కెర విషమని అందరికీ నూరిపోసింది నేనే. పక్కింటి లచ్చమ్మత్త కూడా "షుగరెక్కింది, ఏం వెట్టకుండ్రి" అందట. కాల్ సెంటర్‌లో మా పిల్లలెవరైనా ఆ ఫోన్ ఎత్తి ఉంటే 108 వాక్యం చదివి ఊరుకునేవారు. ఆ వానలో మా ఊరికి 108 వచ్చేసరికి అయిపోయేది.

మరి చక్కెర బుగ్గలో రుద్దమని ఎవరు చెప్పారు? నీళ్లు పొయ్యొద్దు, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టు, నేను లైన్లోనే ఉంటాను అని ఎవరు చెప్పారు? ఆ మనిషి కాళ్లు మొక్కాలనిపించింది. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా మా అమ్మను కాపాడింది కదా. మర్నాడు ఒక్కొక్క పిల్లనూ పక్కకు పిలిచి అడిగాను. అందరూ తాము కాదన్నారు.

నా ఏడుపు చూడలేక ప్రవీణ్ సార్ కంప్యూటర్‌లో వెతికాడు. నాయిన నంబర్ నుంచి కాల్ వచ్చింది. సంధ్య సీటుకు పోయింది. ఎత్తినట్టుంది. వచ్చే ప్రతి కాల్ రికార్డవుతుంది కాబట్టి తెరిచి, నాకో హెడ్‌సెట్ ఇచ్చి తానొకటి పెట్టుకున్నాడు.

నాయిన గొంతు ఉంది. అవతలి గొంతు లేదు. ఏ చప్పుడూ లేని ఖాళీ.

"హలో. మా బిడ్డ రేణుక ఉన్నదా?" ఖాళీ. "నువ్వేనా బిడ్డా. మీ అమ్మ చెమటలు కక్కుతాంది. పిలిస్తె పలుకుతలేదు." మళ్లీ ఖాళీ. "చక్కెరనా? షుగరున్న మనిషికి చక్కెరేంది బిడ్డా, నువ్వే గద వద్దంటివి." ఈసారి చాలాసేపు ఖాళీ. "సరే. సరే బిడ్డా, ఏడ్వకు. నువ్వు ఏడ్వకు, పోతున్న. లచ్చమ్మ ఇంట్ల అడుగుత."

తర్వాత వాన చప్పుడు, మేకపిల్ల అరుపు, గిన్నె కింద పడిన చప్పుడు. ఎంతోసేపటికి నాయిన. "కండ్లు తెరిచింది బిడ్డా. నన్ను గుర్తుపట్టింది." ఆ పైన ఏదో విన్నట్టుగా, "నువ్వు తిన్నవా మరి?" అని అడిగాడు.

ప్రవీణ్ సార్ హెడ్‌సెట్ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"రేణుకా, గిది నువ్వు వినలే, నేను వినిపియ్యలే" అన్నాడు.

తర్వాతి వారం ఆయన కూడా మానేశాడు. కార్డు టేబుల్ మీదే ఉంది.

నాకు మిగిలిన దారి మమత ఒక్కతే. చచ్చిపోయిందేమో అని కూడా అనుకున్నాను, నిజం దాచడం ఎందుకు. నమ్మకం లేకున్నా బుర్ర అక్కడికే పోతుంది. తెలిసినవాళ్లను పట్టుకుని చిట్యాల పోయాను. నిక్షేపంగా బతికే ఉంది. హైవే మీద ఒక హోటల్లో బిల్లు కౌంటర్ దగ్గర కూర్చుంది. విజయవాడ బస్సులు ఆగితే జనం ఎగబడుతున్నారు. బస్సు పోయాక బయటికొచ్చి నాతో నిలబడింది. నర్సింగ్ చదివిన ఇద్దరం, ఒకరిది ఫోన్ల కొలువు, ఒకరిది ఇడ్లీల లెక్క. మా బతుకులు చూస్తే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

విషయం చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. నాకు భయం వేసింది అప్పుడే.

"నన్ను గూడ మస్తుమంది అన్నరక్కా, 'సంధ్య మేడం, నీ మాటతోని మా పిల్ల బతికింది' అని. నేనేం చెప్పలే. ఒట్టు. ఉద్యోగం పోతదని నోరు మూసుకొని కూసున్న. మాట గొంతుదాంక వచ్చేది, మింగేదాన్ని. ఇంటికి పోతె అన్నం దిగకపోయేది."

"మరి ఎవరు మమతా?"

"నాకంటే ముందు గా సీట్ల ఉన్నామెను అడిగిన. ఆమె గూడ గిదే మాట చెప్పింది."

ఆ ముందు ఉన్నామె ఎక్కడుందో ఆరా తీశాను. దుబాయిలో ఉందట, పిల్లలతో ఫొటోలు పెడుతుంది. ఆ సీట్లో కూర్చున్నవాళ్లలో చచ్చిపోయినవాళ్లు ఎవరూ లేరు. నాకు తెలిసినంతవరకు లేరు. అందరూ ఎక్కడో ఒకచోట, చదివిన పని కాకుండా ఇంకేదో పని చేసుకుంటూ బతికే ఉన్నారు.

ఇంటికి పోయి అమ్మకు, నాయినకు, లచ్చమ్మత్తకు కూర్చోబెట్టి చెప్పాను. షుగర్ పెరిగితే ఎలా ఉంటుంది, పడిపోతే ఎలా ఉంటుంది. ఇంట్లో చక్కెర డబ్బా పెట్టాను. ఆ ఫోన్ ఎత్తింది నేను కాదని మాత్రం చెప్పలేదు. అమ్మ బెదురుతుందని. పైగా ఏమని చెప్పాలి?

కొన్ని నెలలకు ఆ కాల్ సెంటరే లేచిపోయింది. పిల్లలు నిలవడం లేదని ఇక్కడి ఆఫీసు మూసేశారు. టీవీ పీకేసి, కుర్చీలు ఆటోల్లో ఎక్కించి పంపారు. ఆ నంబర్ కూడా తీసేశారు. నేనే చేసి చూశాను, అలాంటి నంబర్ లేదని వచ్చింది.

నల్గొండలో ఒక ఆసుపత్రిలో మళ్లీ స్టాఫ్ నర్సుగా చేరాను. ట్రంకు పెట్టెలోంచి తెల్లకోటు తీశాను. అమ్మకు మాత్రం ఒకటొకటిగా మీద పడ్డాయి. కిడ్నీలు దెబ్బతిన్నాయి, గుండె నీరసించింది, కాళ్లు వాచిపోయాయి. నెలకు రెండుమూడుసార్లు మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయేవాళ్లం. ప్రతిసారీ సూదులు, గొట్టాలు. "నన్ను మన ఇంట్లనే ఉండనియ్యి బిడ్డా" అని బతిమాలేది. నేను వినేదాన్ని కాదు. బతికించుకోవాలి, అంతే. నేను నర్సునై కూడా తల్లిని బతికించుకోలేకపోతే ఈ చదువు తగలబెట్టనా అని నాలో నేనే కసురుకునేదాన్ని. ఇక వద్దు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్ సైగ చేసినా, అర్థం కానట్టు నటించేదాన్ని.

ఆరోజు నాది ఉదయం డ్యూటీ. వార్డులో ఒకదాని మీద ఒకటి ఎమర్జెన్సీలు. ఫోన్ నర్సుల గదిలో బ్యాగులో ఉంది. డ్యూటీ దిగి చూస్తే నాయిన మిస్డ్ కాల్స్. వెంటనే చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. గొంతు నెమ్మదిగా ఉంది.

"అమ్మ పోయింది బిడ్డా. నువ్వు చెప్పినట్టే, నా ఒళ్లనే పోయింది."

నేను ఏం మాట్లాడానో గుర్తులేదు. బస్సులు మారి ఊరు చేరేసరికి మల్లేశ్ మేళ్లచెరువు నుంచి నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. అమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. ముఖం ప్రశాంతంగా ఉంది. నేను ఎన్నో ముఖాలు చూశాను, అలాంటివి తక్కువ.

మల్లేశ్ నన్ను పట్టుకుని ఏడవలేదు. దూరంగా నిలబడి అడిగాడు.

"108 వస్తుండె అక్కా. లచ్చమ్మత్త ఫోన్ చేస్తనన్నది. కొల్లాపూర్ దవాఖానకు అందుతుండెనేమో. నువ్వెట్ల వద్దన్నవ్?"

అప్పుడు తెలిసింది. పొద్దున అమ్మకు ఊపిరి ఆడలేదు. నాయిన రెండు నొక్కాడు, నేను ఎత్తలేదు. అలవాటు ప్రకారం మూడు నొక్కాడు. లేని నంబర్‌కు. "ఎత్తినవ్ గద బిడ్డా" అన్నాడు. ఏం చెప్పానో నాకే వివరించాడు, మరిచిపోయినదానికి గుర్తు చేస్తున్నట్టు.

"ఇగ అమ్మను ఆగం జెయ్యకు నాయినా అన్నవ్. ఏడికి తీస్కపోవద్దన్నవ్. తల ఒళ్లె వెట్టుకొని చెయ్యి వట్టుకో, నీళ్లు పొయ్యకు, పెదాలు తడుపు అన్నవ్. భయపడకు, నేను లైన్లనే ఉన్న అన్నవ్. పానం పొయ్యేదాంక ఉన్నవ్ గద."

ఆ ఫోన్ శబ్దం పెద్దది, పక్కవాళ్లకూ వినిపిస్తుంది. లచ్చమ్మత్తను పక్కకు పిలిచి అడిగాను. ఎవరి గొంతు అత్తా అని.

"నీ గొంతే పిల్లా. జర బొంగురు వోయింది, ఏడ్సినవేమో అనుకున్న" అంది.

నాయిన ఫోన్ తీసి చూశాను. చేసిన కాల్స్‌లో నా నంబర్ ఉంది, దాని పైన ఆ నంబర్ ఉంది. అదే నంబర్‌కు చేశాను. అలాంటి నంబర్ లేదని ఆడగొంతు ఒకటి చెప్పింది. తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో చెప్పింది. మళ్లీ చేశాను. ఎన్నిసార్లు చేసినా అదే.

ఆ మాటలు చావు దగ్గరపడిన మనిషి విషయంలో మంచి నర్సు చెప్పాల్సిన మాటలే. ఒక్క అక్షరం తప్పు లేదు. నేను ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేకపోయిన మాటలు. ఆ రోజు నా ఫోన్ నా చేతిలో ఉండి, నేనే ఎత్తి ఉంటే చెప్పేదాన్నా? లేదు. 108 ఎక్కించమని అరిచేదాన్ని. అమ్మ అంబులెన్సులో, మూతికి మాస్కుతో, ఎవరో తెలియని మనుషుల మధ్య పోయేది. లేదా పోయేది కాదేమో. ఇంకో నెల ఉండేదేమో. మా డాక్టర్‌ను అడిగితే "చెప్పలేం సిస్టర్" అన్నాడు. ఆ "చెప్పలేం" నన్ను తినేస్తోంది.

ఊళ్లో ఒక మాట పుట్టింది. బిడ్డే నర్సు, తల్లిని దవాఖానకు వద్దన్నదట. నా ముందు అనరు, నేను రాగానే ఆపేస్తారు. మల్లేశ్ నాతో ముభావంగానే ఉన్నాడు. ఒక్కమాట చాలు నాకు, "అది నేను కాదు" అంటే చాలు, ఈ నింద దిగిపోతుంది. నంబర్ లేదని చూపించగలను. వార్డులో ఉన్నానని సాక్ష్యం ఉంది.

కానీ అది నేను కాకపోతే, నాయిన ఎవరి మాట విని కట్టుకున్న మనిషిని కళ్లముందే పోనిచ్చినట్టు?

ఆ సీట్లో ఉన్నది ఎవరో, ఎవరైనా ఉన్నారో లేదో, నాకు ఈరోజుకీ తెలియదు. మొదటిసారి మొక్కాలనుకున్న కాళ్లు అవే. రెండోసారి మొక్కాలో తిట్టాలో తేల్చుకోలేకపోతున్నాను. పగలు డ్యూటీలో మరిచిపోతాను. రూంకు వచ్చి తలుపు వేసుకున్నాక మళ్లీ అదే ఆలోచన.

దినాలు అయ్యాక నేను నల్గొండ బయలుదేరుతుంటే నాయిన నాతోపాటు రోడ్డుదాకా వచ్చాడు. గొర్రెలు ముందు పోతున్నాయి. బస్సు కోసం నిలబడ్డాం. ఆయన నా ముఖం చూడకుండా అడిగాడు.

"అందరు ఏందేందో అంటున్నరు బిడ్డా. నేను వట్టించుకుంటలేను. నా బిడ్డకు తెల్వదా అనుకుంటున్న. గా ధైర్యంతోనే పండుకుంటున్న." గొర్రెలను అదిలించి, "నువ్వే గద బిడ్డా, ఆ దినం మాట్లాడింది?" అన్నాడు.

బస్సు వస్తోంది. నాయిన చెయ్యి పట్టుకున్నాను.

"నేనే నాయినా" అన్నాను.